తాళం ఎవరి చేతిలో ఉంది?



కిందటి నెల ఒక తల్లి ఫోన్ చేశారు. "మా అమ్మాయి తొమ్మిదేళ్ళుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోందండీ. ఇప్పుడు కాలేజీలో ఎవరో డీజే కుర్రాడితో కలిసి స్టేజి మీద పాడతానంటోంది. త్యాగరాజ కీర్తన వెనకాల డ్యాన్సు బీటు! ఒప్పుకోమంటారా, వద్దంటారా?" అని. ఒప్పుకోవడం, మానడం వాళ్ళింటి సంగతి. నాకు మాత్రం ఆ అమ్మాయిని ఇంకో మాట అడగాలనిపించింది. తాళం ఎవరి చేతిలో ఉంటుందమ్మా?

ఈ కలయిక నిన్న మొన్న పుట్టింది కాదు. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లోనే జపాను రోలాండ్ కంపెనీ యంత్రాల మీద పది రాగాలు డిస్కో బీటుకి వాయించి రికార్డు వేశారు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదల చేస్తే పాశ్చాత్యులు ముక్కున వేలేసుకున్నారు. అది వినండి, రాగానికి అక్కడ ఇరుకేమీ ఉండదు. సినిమా పాటలోలాగా క్షణానికో కార్డు మారుతుంటే రాగం సర్దుకోవాలి గానీ, డ్యాన్సు సంగీతంలో బేసు స్వరం చాలాసార్లు నిమిషాల తరబడి ఉన్నచోటే ఉంటుంది. మన తంబురా చేసే పనీ అదే కదా!

చిక్కు శ్రుతితో కాదు, లయతో. అది కూడా స్టేజి ఎక్కాకే.

కచేరీలో మృదంగం వాయించేవారిని ఎప్పుడైనా గమనించారా? చూపు గాయకుడి మీదే ఉంటుంది. స్వరకల్పన ఇంకో రెండు ఆవర్తాలు సాగేలా ఉందా, ముక్తాయింపుకి వస్తున్నాడా అన్నది ఆయన ముఖంలో చదువుకుంటారు. ముందే తయారుచేసి పెట్టిన ట్రాకుకి ఈ కళ్ళు లేవు. పదహారో ఆవర్తంలో బీటు పేలాలని రాసిపెట్టి ఉంటే, మీ అమ్మాయి కల్పన స్వరాల మధ్యలో ఉన్నా సరే, అది పేలుతుంది. అప్పుడు పిల్ల ఏం చేస్తుంది? మరుసటిసారి నుంచి ఆ కొలతకి సరిపడా స్వరాలు ఇంటి దగ్గరే బట్టీపట్టుకుని వస్తుంది. వినేవాళ్ళకి తేడా తెలియకపోవచ్చు. తొమ్మిదేళ్ళు నేర్చుకున్న మనోధర్మం మాత్రం అక్కడితో సరి.

అలా కాకుండా ఎలా చెయ్యవచ్చో వినాలంటే శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళాలి. అక్కడ స్టెర్న్ గ్రోవ్ అని యూకలిప్టస్ చెట్ల మధ్య ఒక పల్లపు మైదానం ఉంది. 1938 నుంచీ వేసవిలో ఉచిత కచేరీలకు పేరుపడ్డ చోటు. తబలా బీట్ సైన్స్ అనే బృందం అక్కడ చేసిన కచేరీ 2002లో ఆల్బంగా వచ్చింది. జాకిర్ హుస్సేన్ తబలా, సుల్తాన్ ఖాన్ సారంగి, బిల్ లాస్వెల్ బేస్ గిటారు, న్యూయార్కులో పెరిగిన కర్ష్ కాళే డ్రమ్స్, డీజే డిస్క్ తిప్పే రికార్డులు, పైగా ఇథియోపియా గాయని గిగి. యంత్రాల ధ్వని బోలెడంత ఉంది. కానీ వెన్నెముకలాంటి లయ చేతుల్లోంచి వస్తోంది. సారంగి తీరుబడిగా ఆలాపన చేస్తుంటే తక్కినవాళ్ళు ఆగుతారు. సుల్తాన్ ఖాన్ 2011లో, జాకిర్ 2024 డిసెంబరులో పోయారు. ఆ కూర్పు ఇక వినలేం.

తాళాల లెక్క కూడా ఒకటి చెప్పాలి. ఆదితాళం వేసి చూడండి, కారు నడిపేవాళ్ళు మాత్రం వద్దు! ఒక దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ విసురు, దెబ్బ విసురు. ఎనిమిది. డ్యాన్సు బీటు నాలుగు నాలుగుగా పోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. అందుకే ఫ్యూజన్‌లో ఎక్కడ చూసినా ఆదితాళమే. అదే మిశ్రచాపు పెట్టండి. తకిట తకధిమి, ఏడు. కింద నాలుగు నడుస్తుంటే పైన ఏడు. రెండూ విడిపోయి, సరిగ్గా ఇరవై ఎనిమిదో దెబ్బ పూర్తయ్యాక మళ్ళీ ఎత్తుగడలో కలుస్తాయి. ఆ కలిసేచోట, తాళం పేరు కూడా తెలియని జనం "హో" అని అరుస్తారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే. ఈ పని చేసేవాళ్ళు తక్కువ.

2001లో వచ్చిన ఏబుల్టన్ లైవ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఒక ముక్కను ఎంతసేపైనా తిప్పవచ్చు, గతిని నడుస్తుండగానే మార్చవచ్చు. కాబట్టి యంత్రం ఒప్పుకోదన్న సాకు ఇప్పుడు చెల్లదు. దాని ముందు కూర్చున్నవాడు తల ఎత్తి చూడాలి, అంతే.

ఇదంతా చెబితే ఆ అమ్మాయి తర్వాత తనే ఫోన్ చేసింది. మొదటి రిహార్సల్లో నేనన్నట్టే అయిందట. స్వరాల మధ్యలో బీటు మీదపడి నోరు మూసుకుందట. ఇప్పుడు తను ఎడమచెయ్యి ఎత్తేదాకా ఆ కుర్రాడు బీటు వదలకూడదని ఒప్పందం. అతనికి తొడ మీద తాళం వెయ్యడం కూడా నేర్పుతోంది. ఏడు దగ్గర ఇంకా తప్పుతున్నాడట. వాళ్ళమ్మగారు ఏమీ తేల్చలేదు గానీ రిహార్సల్ జరిగే గరాజ్‌లోకి కాఫీ మాత్రం పంపుతున్నారట.

ఇప్పుడు మన పాలకొల్లు వాడైన మాండొలిన్ శ్రీనివాస్, మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన 'డ్రీమ్' ఆల్బం నుంచి ఒక భాగం వినిపిస్తాను. 1995లో వచ్చింది. గమకం పలకడానికి ఆయన తన మాండొలిన్ తీగలనే మార్చుకున్నారు. బ్రూక్ సమకూర్చిన ధ్వనులు వెనక ఎంత పరుచుకున్నా, ఆ గమకం ఎక్కడైనా తగ్గిందేమో మీరే చూడండి.