ప్రోగ్రామరుకు నెట్‌వర్కు యోగ్యతాపత్రము



మా గుమ్మఘట్ట మండలమున వేదవతిపై భైరవానితిప్ప జలాశయమున్నది. నీరు విడిచిన యేట చివరి పొలము తడవనిచో రైతు తూము చూచును, కాలువ గట్టు చూచును, పిదప తన మడవ చూచును. సాఫ్ట్‌వేరు వ్రాయువారికిని ఈ పద్ధతియే తగును. తమ ప్రోగ్రాము అవతలి కంప్యూటరును చేరనప్పుడు దోషము తమ వ్రాతలోనున్నదో, పేరును చిరునామాగా మార్చు డి.ఎన్.ఎస్.లోనున్నదో, నడుమ ఫైర్‌వాల్ అడ్డగించినదో వరుసగా చూడవలెను. ఈ వరుస యెరుగనివారికి గంట పని దినమెల్ల పట్టును.

ఈ విద్యను పరీక్షించుటకు సిస్కో సంస్థ 1998లో సి.సి.ఎన్.ఎ. నెలకొల్పెను. 2020 ఫిబ్రవరిలో దానిని సవరించి, ప్రోగ్రామర్లకై డెవ్‌నెట్ అను వేరు పరీక్షలను తెచ్చెను. సి.సి.ఎన్.ఎ. యోగ్యతాపత్రము 3 సంవత్సరములే చెల్లును, పిదప పునరుద్ధరించుకొనవలెను.

2020లో ఆ పరీక్ష రుసుము 300 డాలర్లు. వేరుసెనగ ఎండిన యేట ఆ పైకము కూర్చుట తలిదండ్రులకు తేలిక కాదు. కావున మేము చెప్పునది యిది: నెట్‌వర్కులను నిర్వహించు ఉద్యోగము కోరువారికి ఆ పత్రము తోడ్పడును. ప్రోగ్రామరుకు మాత్రము విద్య ముందు, పత్రము పిదప. ప్యాకెట్ల రాకపోకలను చూపు వైర్‌షార్క్ ఉచితముగా లభించును. ఇంటి కంప్యూటరుపై దానితో కొన్ని నెలలు అభ్యసింపుడు. కోరిన ఉద్యోగపు ప్రకటన ఆ పత్రమును అడిగినచో అప్పుడు రుసుము చెల్లింపుడు. పత్రమున్నను లేకున్నను, ప్రశ్నించువారి యెదుట దోషమును వెదకి చూపవలసినది అభ్యర్థియే. అందులకు అప్పు చేయనక్కరలేదు.