వ్యాపారపు ఫోను – దాని రక్షణ



పూర్వము షాహుకారు రాత్రి దుకాణము కట్టునపుడు చిట్టా పుస్తకమును, రొక్కమును ఇనుపపెట్టెలో నుంచి, తాళపుచెవిని మొలత్రాటికి కట్టుకొని యింటికి బోయెడివాడు. నేడు చిట్టా, పెట్టె, తాళపుచెవి మూడును ఒక్క ఫోనులో జేరినవి. అంబర్‌పేట్ దుకాణములలోను, ఉప్పల్, నాచారము పారిశ్రామికవాడల కార్ఖానాలలోను సరకు కోరు వార్త వాట్సాప్‌లో వచ్చును. వెల, 2016వ సంవత్సరమున ప్రారంభమైన యూపీఐ పద్ధతిని చేరును. బ్యాంకువారు పంపు ఓటీపీయు నా ఫోనునకే వచ్చును. పల్లెలనుండి పోయి యచ్చట గుమాస్తాలుగను, పనివారుగను నున్న బిడ్డల చేతులలోనే యీ ఫోనులున్నవి గాన, ఈ సంగతి మీరును తెలిసికొనదగినది.

ఒక గుమాస్తా ఉప్పల్ కూడలిలో బస్సెక్కునపుడు ఫోను పోగొట్టుకొనెననుకొందము. ఫోను వెల స్వల్పము. లోనున్న ఖాతాల విలువ యధికము. తెరకు తాళమున్నను చాలదు. దొంగ సిమ్ముకార్డును దీసి వేరొక ఫోనులో బెట్టినచో ఓటీపీ వానికే చేరును. కావున సిమ్మునకును వేరుగా పిన్ పెట్టవలెను. అప్పుడు మూడుమారులు తప్పుసంఖ్య నొక్కినచో సిమ్ము మూతపడును.

రెండవది, పిన్ సంగతి. పని సులువగునని యజమానియే తన యూపీఐ పిన్నును గుమాస్తాకు జెప్పుట కలదు. ఇది వానికి మేలుగాదు. ఏనాడైన లెక్క తగ్గినచో, తప్పు చేయనివానిపై మొదట నింద పడును. ఎవరి పిన్ వారి యొద్దనే యున్నచో యజమాని ధనమును, పనివాని మానమును రెండును నిలుచును. ధనము స్వీకరించుటకు పిన్ ఎన్నడు నక్కరలేదనియు గుర్తుంచుకొనవలెను.

మూడవది, పనివాడు తన సొంత ఫోనులో యజమాని పని చేయుట. ఆండ్రాయిడ్ ఫోనులలో వర్క్ ప్రొఫైల్ అను నేర్పాటు కలదు. అది యింటి ముందరి కచేరిగది వంటిది. సంస్థవా రా గదిలోనివానిని జూడగలరు, పనివాడు కొలువు మానిననాడు తుడిచివేయగలరు. లోపలియింటి ఛాయాచిత్రములు, బంధువుల మాటలు వారి కందవు. ఇది సాధ్యము కానిచోట యజమాని వేరు ఫోనొసగుట న్యాయము.

పెండ్లి శుభలేఖయనియు, బ్యాంకు తాఖీదనియు పేరుపెట్టి, ఏపీకే యను ఫైలును పంపి మోసగించువారును గలరు. దానిని స్థాపించినచో ఫోనులోనికి దొంగకు ద్వారము దెరచినట్లే. ఎంతటి యాప్తుని పేర వచ్చినను దానిని ముట్టరాదు.

ఫోను పోయినచో నాలస్యము చేయక సిమ్ము కంపెనీకి దెలిపి సిమ్మును ఆపించవలెను, బ్యాంకునకు దెలుపవలెను, పోలీసులకు ఫిర్యాదు చేయవలెను. పిమ్మట, 2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన సంచార్ సాథీలో ఫిర్యాదు నకలు జతపరచి యా ఫోనును నిలుపుదల చేయించవచ్చును. దీనికి ఐఎంఈఐ అను 15 అంకెల సంఖ్య కావలెను. అది ఫోను డబ్బాపై నచ్చువేసి యుండును. ముందే చిట్టాలో వ్రాసికొనుట మంచిది. ధనమే పోయినచో తక్షణము 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ధన మొక ఖాతానుండి మరియొక ఖాతాకు శీఘ్రముగా బరుగెత్తును గాన, త్వరగా దెలిపిన కొలది దానిని మధ్యలో నాపు నవకాశ మధికము.

దసరాకు బిడ్డలింటికి వచ్చినపుడు మూడు ప్రశ్నలడుగుడు: సిమ్మునకు తాళమున్నదా? యజమాని పిన్ నీకు దెలియునా? పదునైదంకెల సంఖ్య కాగితముపై నున్నదా? మొదటిదానికి, కడపటిదానికి నవునని, నడిమిదానికి కాదని వారు చెప్పిననాడు మీరు నిశ్చింతగా నుండవచ్చును.

సెలవు.