నవలలో ఎండ

పొద్దుగూకినా ఉక్క తగ్గలేదు, మీరంతా చేతిలో ఉన్న కాగితాలతోనే విసురుకుంటున్నారు. ఉపోద్ఘాతం మానేసి నేరుగా పుస్తకాల్లోకి వెళ్తాను.

1978 మార్చి 17న ఢిల్లీ యూనివర్సిటీ ప్రాంతంలో టోర్నడో లేచింది. ఆ నగరవాసులు అలాంటిది కని విని ఎరగరు. అప్పటికి విద్యార్థిగా ఉన్న అమితావ్ ఘోష్ దాని దారిలో చిక్కుకుని బతికి బయటపడ్డారు. నవలాకారుడికి ఇంతకన్నా సరుకేం కావాలి? అయినా ఆ సుడిగాలి ఆయన నవల దేనిలోనూ ఇమడలేదు. ఎందుకని వెతుక్కుంటూ పోయి 2016లో ‘ది గ్రేట్ డిరేంజ్‌మెంట్’ ప్రచురించారు. ఆధునిక నవల రోజువారీ బతుకు మీద నిలబడ్డది, ఊరిని ఊడ్చేసే గాలిని అందులో పెడితే పాఠకుడు ‘మరీ సినిమాలా ఉందే’ అంటాడు, అందుకే వాతావరణ మార్పు సైన్స్ ఫిక్షన్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది అని ఆయన వాదన.

నాకు ఇందులో సగమే నచ్చింది. ఆ గుమ్మం దగ్గరున్నవాళ్ళు చేసిన పని తక్కువదేం కాదు. కిమ్ స్టాన్లీ రాబిన్సన్ అనే అమెరికన్ 2020లో ‘ది మినిస్ట్రీ ఫర్ ది ఫ్యూచర్’ రాశారు. మొదటి అధ్యాయం ఉత్తరప్రదేశ్‌లో ఒక చిన్న పట్నం. కరెంటు పోతుంది. జనం చెరువులోకి దిగుతారు. నీళ్ళు ఒంటికన్నా వేడిగా ఉంటాయి. తెల్లారేసరికి ఒక్కడు మిగులుతాడు. మిగతా నవల చాలాచోట్ల కమిటీ మినిట్స్ చదివినట్టే ఉంటుంది, ఓపిక కావాలి. ఆ మొదటి అధ్యాయం మాత్రం మరిచిపోలేరు.

అది కల్పనే, కానీ దాని వెనక సైన్సు ఉంది. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే వచ్చే అంకెను తడిబల్బు ఉష్ణోగ్రత అంటాం. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండితే చెమట కారుతుందే గానీ ఆరదు. తడిబల్బు 35 డిగ్రీలు చేరితే నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలే తట్టుకుంటాడని చాలాకాలం లెక్క వేసుకున్నాం. తర్వాత మనుషుల మీద చేసిన ప్రయోగాల్లో ఆ గీత దాదాపు 31కే దిగింది, అదీ కుర్రవాళ్ళకు. రెంటచింతలలో 45 దాటినా గాలి పొడిగా ఉంటే చెమట ఆరుతుంది. మన కాకినాడ తీరాన 38కే ప్రాణం ఉసూరుమంటుంది. పైగా గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టగలదు.

2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా పోయారు. ఆ మే నెల మీద మంచి తెలుగు నవల ఉంటే చూపించండి, నేనే ఊరూరా తిరిగి చెబుతాను.

నవల కాకపోయినా, చరిత్రకారుడు మైక్ డేవిస్ రాసిన ‘లేట్ విక్టోరియన్ హోలోకాస్ట్స్’ మాత్రం మనవాళ్ళు తప్పక చదవాలి. 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువు కడప, కర్నూలు, బళ్ళారి సీమల్ని తినేసింది. వానలు తప్పించింది పసిఫిక్ సముద్రంలోని ఎల్ నీన్యో. మనుషుల్ని చంపింది మాత్రం ఒక్క వానలేమే కాదంటాడు డేవిస్. దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. కరువు పనుల్లో కూలీకి రోజుకు ఒక పౌను గింజలు చాలని రిచర్డ్ టెంపుల్ అనే తెల్లదొర తేల్చాడు. అంటే అరకిలో కూడా లేదు! ఎండ ఎంత కాసిందో చెప్పే పుస్తకాలు బోలెడున్నాయి. ఆ ఎండలో ఎవరి కంచం ఎవరు లాక్కున్నారో చెప్పేవి తక్కువ. నా ఓటు రెండో రకానికే.

గ్రంథాలయం వారికి ఒక విన్నపం. ఈ మూడూ ఇంగ్లిషు పుస్తకాలు. కొని బీరువాలో పెట్టి తాళం వేయకండి. చదివినవాళ్ళచేత నెలకోసారి ఇదే హాల్లో, తెలుగులో, కథగా చెప్పించండి. ఆ రోజు ఉప్పాడ నుంచి, సముద్రం ఇళ్ళు మింగడం చూసిన పెద్దల్ని కూడా పిలవండి. వాళ్ళు చెప్పేది ఎవరైనా రాసుకోండి.