పీఈటీ పీరియడ్‌లో లెక్కల సారు, ఒలింపిక్స్‌లో స్కూల్ టీచరు: రహీమ్ సాబ్ కథ

ఈరోజు ఎపిసోడ్ టెక్ గురించి కాదు, జాబ్ నోటిఫికేషన్ గురించి అసలే కాదు. ఒక కోచ్ గురించి. స్కిప్ చేయకుండా చివరిదాకా చూడండి, చివర్లో మీతో నాకొక పని ఉంది.

ఈమధ్య నా బీటెక్ క్లాస్‌మేట్ ఒకడు అమెరికా నుంచి వీడియో పంపించినాడు. వాడు మిషిగన్‌లో ఎంఎస్ చేస్తా ఉన్నాడు. వీడియోలో స్టేడియం, కనుచూపు మేర జనం. "మామా, ఇది కాలేజీ మ్యాచ్ రా" అన్నాడు. పొయ్యి నీ పని చూసుకో అన్నాను. తర్వాత చెక్ చేస్తే నిజమే. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియం కెపాసిటీ 1,07,601. మన చంద్రగిరి ఊరంతటినీ తీసుకుపోయి కూర్చోబెట్టినా ఇంకా బోలెడు సీట్లు మిగిలిపోతాయి.

వాళ్ళ ఫుట్‌బాల్ వేరే. కోడిగుడ్డు ఆకారంలో బంతి, చేత్తో విసురుకుంటారు. ఆ ఆట సంగతి మనకొద్దు. నాకు నచ్చింది వేరే విషయం. ఆ టీమ్‌కి హెడ్ కోచ్‌గా చేసిన జిమ్ హార్బా, 1980ల్లో అదే యూనివర్సిటీ టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినాడు. 2015 సీజన్ నుంచి 2023 సీజన్ దాకా అక్కడే కోచ్‌గా ఉన్నాడు. 2023 సీజన్‌లో ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచి నేషనల్ ఛాంపియన్స్ అయినారు. తను చదువుకున్న చోటికే తిరిగొచ్చి, తను ఆడిన గ్రౌండ్‌లోనే పిల్లకాయల్ని తయారు చేయడం అక్కడ పెద్ద గౌరవం.

అది చూసినాక ఒక ప్రశ్న వచ్చింది. మనలో అట్లా ఎవరైనా ఉన్నారా? సొంత ఊళ్ళో చదువుకుని, ఆడి, అక్కడే నిలబడి టీమ్‌ని తయారు చేసినోళ్ళు?

ముందు నా సంగతి చెప్తాను. మా స్కూల్లో వారానికి 2 పీఈటీ పీరియడ్లు. టైమ్‌టేబుల్‌లో మాత్రమే. ఎనిమిదో తరగతి వరకు గ్రౌండ్‌లోకి పంపించేవాళ్ళు. నేను లెఫ్ట్ బ్యాక్ ఆడేవాణ్ణి. పెద్ద ప్లేయర్‌ని కాదుగానీ, జోనల్ మ్యాచ్‌ల టీమ్‌లో ఉన్నాను. తొమ్మిదిలో ఒక పీరియడ్ లెక్కల సారు తీసుకున్నాడు. పదిలో రెండోదీ పోయింది. పీఈటీ సారు ఏం అనలేదు. స్టాఫ్ రూమ్ బయట బంతి చంకలో పెట్టుకుని నిలబడి ఉంటే కిటికీలోంచి చూసినాను. ఇప్పటికీ ఆ బొమ్మ నాకు గుర్తుంది. బీటెక్‌లో అయితే గ్రౌండ్ అంటే కాలేజీ బస్సులు ఆపుకునే చోటు. అంతే.

మన దగ్గర పీఈటీ సార్ అంటే ఎవరు? అసెంబ్లీలో విజిల్ ఊదేవాడు. ఆగస్టు 15కి డ్రిల్లు చేయించేవాడు. లేటుగా వచ్చినోళ్ళని గేటు కాడ ఆపేవాడు. ఇప్పుడు నేను చెప్పబోయే ఆయన కూడా స్కూల్లో ఆటలు చూసుకునే టీచరే.

పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్‌లో 1909లో పుట్టినాడు. అందరూ రహీమ్ సాబ్ అంటారు. 2024లో వచ్చిన "మైదాన్" సినిమాలో అజయ్ దేవగన్ చేసింది ఈయన పాత్రే. కానీ ఆ సినిమా మొదలయ్యేసరికే ఆయన ఇండియా కోచ్. అసలు కథ దానికి ముందుంది.

ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైంది. 1920ల చివర్లో రహీమ్ అక్కడ స్టూడెంట్, యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌లో ప్లేయర్. డిగ్రీ అయిపోయినాక టీచర్ ఉద్యోగం. కాచిగూడ, చాదర్‌ఘాట్, ఇట్లా హైదరాబాద్‌లోనే వేర్వేరు స్కూళ్ళలో పని చేసినాడు. మధ్యలో ఫిజికల్ ఎడ్యుకేషన్ డిప్లొమా చేసి, స్కూల్లో ఆటల బాధ్యత తీసుకున్నాడు. ఉస్మానియా పాత స్టూడెంట్లు, చదువుతున్నోళ్ళు కలిసి పెట్టుకున్న "ఎలెవెన్ హంటర్స్" టీమ్‌లో కూడా ఆడినాడు. అంటే డిగ్రీ చేతికొచ్చినా ఆ గ్రౌండ్‌తో సంబంధం తెంచుకోలేదు.

హార్బా లాగా ఆయన ఉస్మానియా టీమ్‌కి జీతం తీసుకున్న హెడ్ కోచ్ కాదు. ఆ కాలంలో మన దగ్గర అట్లాంటి పోస్టు ఎక్కడుంది? కానీ చదువుకున్న ఊరినే తన కాలేజీ అనుకున్నాడు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యి, చనిపోయేదాకా అందులోనే ఉన్నాడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్.

ఇప్పుడు రిజల్ట్స్ వినండి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఆ రోజుల్లో పెద్ద టోర్నమెంట్. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా కొట్టినారు, మోహన్ బగాన్‌ని ఓడించి. సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ 1956-57, 1957-58 రెండేళ్ళూ ఛాంపియన్. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజుల్లో ఇది.

ఎట్లా చేసినాడు? ఇక్కడే టీచర్ కనపడతాడు. మన పిల్లకాయలకు బంతి దొరికితే ఏం చేస్తారు? నలుగురిని దాటించి హీరో కావాలని చూస్తారు. వద్దురా, పాస్ ఇయ్యరా అని అరిస్తే వింటారా? వినరు. రహీమ్ సాబ్ ఏం చేసినాడంటే, డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టించినాడు. బంతి వచ్చిందా, వెంటనే పాస్ ఇచ్చేయాల. ఇంకోటి, చేతకాని కాలితోనే ఆడే టోర్నమెంట్. కుడికాలోడు ఎడమకాలితోనే తన్నాల. తిట్టే పని లేదు, లెక్చర్ లేదు. ఆట రూల్ మార్చినాడు, అలవాటు దానంతట అదే మారింది. నేను కోడింగ్ చేసేటప్పుడు దీన్ని కన్‌స్ట్రెయింట్ పెట్టడం అనేవాళ్ళం. ఆయన 70 ఏళ్ళ ముందే గ్రౌండ్‌లో పెట్టేసినాడు.

ఇండియా టీమ్ విషయానికి వద్దాం. 1951లో ఢిల్లీలో మొదటి ఏషియన్ గేమ్స్. ఫైనల్లో ఇరాన్ మీద 1-0, గోల్డ్. కోచ్ రహీమ్. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10. మనోళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడినారు, ఆ చలిలో. పదేసి గోల్స్ తిన్న కోచ్‌ని మనమైతే ఏం చేస్తాం? మీమ్స్ వేసి ఆడుకుంటాం.

ఆయన మళ్ళీ హైదరాబాద్‌కే వచ్చినాడు, అదే గ్రౌండ్, అదే పని. నాలుగేళ్ళకు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. ఆస్ట్రేలియా మీద 4-2. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఇండియా సెమీఫైనల్‌కి పోయింది, ఆసియా నుంచి అంతదూరం పోయిన మొదటి టీమ్ మనదే. సెమీస్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా. ఈసారి 1-4. ఓడిపోయినారు, కానీ 10 ఎక్కడ, 4 ఎక్కడ? చివరికి నాలుగో ప్లేస్.

ఆ టీమ్‌లో హైదరాబాద్ కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. అందులో ఒకాయన తులసీదాస్ బలరామ్. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేదింటి పిల్లోడు, అప్పటికి 20 ఏళ్ళు. నాలుగేళ్ళ తర్వాత రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టినాడు. 2023లో చనిపోయినాడు. మనలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? నాకూ ఈ ఎపిసోడ్ కోసం చదివేదాకా తెలీదు, నిజం చెప్తున్నా.

1962, జకార్తా ఏషియన్ గేమ్స్. అప్పటికే రహీమ్ సాబ్ ఒంట్లో క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే సౌత్ కొరియా చేతిలో 0-2. తర్వాత థాయ్‌లాండ్, జపాన్, సెమీస్‌లో సౌత్ వియత్నాం, అన్నీ గెలుచుకుంటా ఫైనల్‌కి వచ్చినారు. ఎదురుగా మళ్ళీ సౌత్ కొరియా. స్టేడియంలో దాదాపు లక్ష మంది. రాజకీయ గొడవల వల్ల జనమంతా ఇండియాకి వ్యతిరేకం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడినాయి. రహీమ్ సాబ్ ఆయన్ని బెంచ్ మీద కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా ఆడించినాడు. ఫైనల్‌కి ముందు రోజు టీమ్‌ని పిలిచి, రేపు మీ నుంచి నాకొక కానుక కావాల, గోల్డ్ గెలవండి అని అడిగినాడని ఆటగాళ్ళు తర్వాత చెప్పినారు. మరుసటి రోజు 2-1. గోల్స్ కొట్టింది పీకే బెనర్జీ, ఇంకొకరు జర్నైల్ సింగ్. అవును, కుట్లు పడిన ఆ మనిషే.

1963 జూన్ 11న రహీమ్ సాబ్ పోయినాడు. 53 ఏళ్ళు.

సినిమా ఇక్కడికి అయిపోతుంది, చప్పట్లు కొట్టి బయటికొచ్చేస్తాం. నాకు తర్వాతి కథే ముఖ్యం అనిపించింది. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకి బ్రాంజ్ వచ్చింది. కెప్టెన్ హైదరాబాద్ నుంచి వచ్చిన సయ్యద్ నయీముద్దీన్. తర్వాత కోచ్ అయ్యి 1990లో ద్రోణాచార్య అవార్డు తీసుకున్నాడు. రహీమ్ సాబ్ కొడుకు ఎస్.ఎస్. హకీమ్ కూడా ఒలింపియన్, తర్వాత కోచ్, ఫిఫా రెఫరీ. అంటే ఆయన నాటిన చెట్టు కొన్నాళ్ళు కాయలు కాసింది. ఆ తర్వాత? 1960 తర్వాత ఇండియా ఫుట్‌బాల్ టీమ్ ఒలింపిక్స్‌కి పోలేదు. 1970 తర్వాత ఏషియన్ గేమ్స్‌లో ఫుట్‌బాల్ మెడల్ రాలేదు.

మనం అనుకుంటాం, అట్లాంటి మేధావి మళ్ళీ పుట్టలేదు, అందుకే అని. నాకట్లా అనిపించడం లేదు. రహీమ్ సాబ్ చేసిన పనుల్లో సగం ఏ ఊర్లో అయినా చేయగలిగేవే. స్కూల్ పిల్లలకు టోర్నమెంట్ పెట్టడం, రూల్ మార్చి ఆడించడం, పేదింటి పిల్లోడిలో ఆట ఉంటే పట్టుకోవడం. అమెరికాలో కోచ్ పోతే యూనివర్సిటీ ఇంకొకర్ని తెచ్చుకుంటుంది, ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. మన దగ్గర మనిషి పోతే కుర్చీ కూడా పోయింది. ఎందుకంటే ఆ కుర్చీ ఆయన సొంతంగా చేసుకున్నది. మనం దానికి బదులు లెక్కల పీరియడ్ వేసుకున్నాం. లెక్కల సార్ల మీద నాకు కోపం లేదప్పా. ఆ లెక్కలతోనే నాకు ఉద్యోగం వచ్చింది. కానీ బంతి చంకలో పెట్టుకుని బయట నిలబడిన ఆ సారుకి మేం ఒక్క మాట సాయం చెప్పలేదు. అది మాత్రం నాకు గుచ్చుకుంటా ఉంది.

ఇప్పుడు నా పని దగ్గరికి వస్తాను. రెండు నెలల కిందట ఆ పీఈటీ సారే నాకు ఫోన్ చేసినాడు. రిటైర్ అయినాడు. "ఏం నాయనా, వీడియోలు బాగా చేస్తా ఉండావంట. సాయంత్రం పూట ఇరవై మంది పిల్లకాయలు వస్తా ఉండారు. నాకు మోకాళ్ళు నొప్పి, వాళ్ళతో పరిగెత్తలేను. శని ఆదివారాలన్నా నువ్వు రారాదా?" అన్నాడు. "చూస్తాను సార్" అన్నాను. చూస్తాను అంటే మన భాషలో అర్థం ఏందో మీకు తెలుసు కదా.

నిజానికి బిజీ కాదు, భయం. నేను కోచ్‌ని కాదు, ఆట వదిలేసి పన్నెండేళ్ళు దాటింది, పిల్లకాయలకు ఏం నేర్పిస్తాను అని. ఈ కథ చదివినాక ఆ సాకు కొంచెం వీక్ అయిపోయింది. రహీమ్ సాబ్ మొదటిరోజే ఇండియా కోచ్ కాదు. ముందు నేర్చుకున్నాడు, డిప్లొమా చేసినాడు, స్కూల్ గ్రౌండ్‌లో మొదలుపెట్టినాడు. ఏఐఎఫ్ఎఫ్ డీ లైసెన్స్ అని బేసిక్ కోచింగ్ కోర్సు ఇప్పుడూ ఉంది. దానికి అప్లై చేద్దామని డిసైడ్ అయినాను.

పోయిన ఆదివారం సారుకి ఫోన్ చేసి వెళ్ళినాను. కోట వైపు టూరిస్టుల బండ్లు పోతా ఉంటే, మేం ఇరవై మందీ ఒక అరిగిపోయిన బంతితో. నేను పెట్టిన రూల్ ఒకటే: ఎడమకాలితో మాత్రమే తన్నాల. పిల్లకాయలు పడీపడీ నవ్వినారు. పది నిమిషాలకే నాకు ఆయాసం. ఒక ఆరో క్లాసు పాప మాత్రం అరగంటలో పాస్ కరెక్టుగా ఇచ్చేసింది. సారు గట్టు మీద కూర్చుని చూస్తా ఉన్నాడు, ఏమీ అనలేదు. పోయేటప్పుడు మాత్రం "వచ్చే వారం బంతిలో గాలి నువ్వే కొట్టించుకుని రా" అన్నాడు.

సో ఫ్రెండ్స్, మీతో పని ఇదే. మీ స్కూల్ పీఈటీ సారు నంబరు మీ దగ్గర ఉందా? లేకపోతే కనుక్కోండి. ఫోన్ చేయండి. గ్రౌండ్ ఇంకా గ్రౌండ్‌గానే ఉందా, పార్కింగ్ అయిపోయిందా అడగండి. మాట్లాడినాక ఏం జరిగిందో కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతాను. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఆదివారం సాయంత్రం మాత్రం కాదు, ఆ టైమ్‌కి నేను గ్రౌండ్‌లో ఉంటాను. ఉంటానప్పా, బై.