ఛాయాచిత్రంలో కనబడని కూలీ



మేము మెట్రిక్‌తో చదువు ఆపి, రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమాస్తాగా చేరినవాళ్ళం. ఏ సామాను చూసినా బరువెంత, మోసినదెవరు అని అడగడం మాకు అలవాటు. పాత ఛాయాచిత్రాలను కూడా అలాగే చూస్తాము.

శామ్యూల్ బోర్న్ కూడా మొదట గుమాస్తాయే. ఇంగ్లండులో, నాటింగ్‌హామ్‌లో బ్యాంకు ఉద్యోగం వదలి 1863లో మన దేశానికి వచ్చాడు. ఫోటోలు తీయడానికి హిమాలయాలలో మూడు యాత్రలు చేశాడు. ఆ రోజుల్లో గాజు పలకకు కొలోడియన్ అనే మందు పూసి, వెండి ద్రావకంలో ముంచి, తడి ఆరకముందే పటం తీసి, అక్కడికక్కడే చీకటి డేరాలో కడగాలి. పలకలు, మందుసీసాలు, డేరాలు అన్నీ కొండ ఎక్కాలి. 1866 యాత్రలో కూలీలే 80 మంది దాకా ఉన్నారు. 18,000 అడుగులు దాటిన మణిరంగ్ కనుమ మీద కూడా పటాలు తీశాడు.

ఆ పటాలు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మంచు, లోయ, దేవదారు చెట్లు. ఎక్కడా అలికిడి లేదు. 1857 తిరుగుబాటు జరిగి అప్పటికి పదేండ్లయినా కాలేదు. ఇంత ప్రశాంతమైన భూమిని ఆల్బములలో చూసుకొన్న దొరలకు, అది తమకోసమే ఖాళీగా ఉన్నట్టు తోచదా? చాలా పటాలలో మనిషి ఉండడు. ఉన్నా, కొండ ఎత్తు తెలియడానికి కొలబద్దలా నిలబెట్టినవాడే.

కాని బోర్న్ ఫోటోగ్రఫీ పత్రికకు వ్రాసిన వ్యాసాలు వేరే కథ చెబుతాయి. కూలీలు బరువులు దించి పారిపోతే, కర్ర పుచ్చుకొని ఊళ్ళో ఇండ్లు వెతికి, దొరికినవారికి దెబ్బల రుచి చూపించానని దాచకుండా వ్రాసుకొన్నాడు. పటమూ ఆయనదే, వ్రాతా ఆయనదే. రెండూ పక్కపక్కన పెట్టుకొంటేనే చరిత్ర తెలుస్తుంది.

ఒకరిని అనడం తేలిక. మన సంఘభవనం ప్రారంభోత్సవం నాడు ఫోటో తీసేటప్పుడు, "కాస్త పక్కకు జరుగు నాయనా" అని తాపీమేస్త్రీని జరిపినది మేమే. ఆ పటం ఈ హాలు గోడమీదే ఉంది. దండలు వేసుకొన్న దాతలున్నారు. ఇటుక మోసినవారు లేరు. మన తాతలలో ఎందరో ఈ ఊరికి కూలికి వచ్చినవారే. వారి పటం మనలో ఎందరి ఇండ్లలో ఉంది?

ఆ మేస్త్రీ ఈ ఊళ్ళోనే ఉన్నాడు. ఆయనను పిలిచి అడిగి, పనిచేసినవారి పేర్లన్నీ ఆ పటం క్రింద వ్రాయించవలసిందని కమిటీవారిని కోరుతున్నాము. వ్రాసే పని మేమే చేస్తాము.