మన పాత ఇల్లు ఎక్కడుండె?

(యువజన శిక్షణ శిబిరంలో మాట్లాడిన మాటల రాతరూపం)



ముందుగాల ఒక ప్రశ్న అడుగుతా. ఎవరి మనసులో వాళ్లు జవాబు చెప్పుకోండి. మీ తాత పుట్టిన ఇల్లు ఎక్కడుండె?

ఊరి పేరు అడుగుతలేను, ఇల్లు అడుగుతున్న. ఏ వాగుకు ఏ పక్క? ఏ చెట్టు దగ్గర? వాకిలి ఎటు దిక్కు? నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేది?

మన ఇంటిపేరు అడిగితే టక్కున చెప్తం. ఏ సగ, నాలుగు దేవుళ్లా, ఐదా, ఆరా, ఏడా అంటే చిన్న పిల్లగాడు కూడా చెప్తడు. పెండ్లి మాట మొదలుపెట్టాలంటే ముందు అదే కావాలె కదా. కానీ ఇల్లు ఎక్కడుండె అంటే మనలో చాలామంది "అడవిల, పాత ఊర్ల" అని ఆగిపోతం. మూడేండ్ల కింది దాకా నేను కూడా అక్కడ ఆగిపోయినోన్నే.

అప్పుడు మా ఊరి అటవీ హక్కుల దరఖాస్తుల మీద విచారణ జరిగింది. ఒక అధికారి మా పెదనాయినను అడిగిండు: "మీరు ఇక్కడోళ్లే అనడానికి ఆధారం ఏంది?" పెదనాయిన చెయ్యెత్తి గుట్ట దిక్కు చూపించిండు. "అగో, దాని వెనుక మా నాయిన ఇల్లు." "కాగితం ఉందా?" "ఇంటికి కాగితమెందుకు సార్?" అక్కడున్నోళ్లు నవ్విన్రు. నేను డిగ్రీ చదివినోన్ని, పక్కన్నే నిలబడ్డ. నాకు కూడా ఏం చెప్పాలో తెల్వలే. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సిగ్గు పెదనాయిన మాటకు కాదు, నా చదువుకు.

తర్వాత చట్టం తీసి చదివిన. 2006 అటవీ హక్కుల చట్టం గురించి మనం నినాదాలు ఇస్తం గానీ, దాని నియమాలు చదివినోళ్లు తక్కువ. అందులో 13వ నియమం ఉంది. ఏవేవి ఆధారాలో అది చెప్తది. ప్రభుత్వ రికార్డులు, పటాలు ఒక్కటే కాదు. ఇండ్లు, గుడిసెలు, చదును చేసిన నేల, కట్టలు ఆధారమే. పాత బావులు, శ్మశానాలు, దేవతల స్థలాలు ఆధారమే. పాత రికార్డుల్లో ఉన్న మనిషి దాకా పోయే వంశావళి ఆధారమే. దరఖాస్తు పెట్టినోళ్లు కాకుండా వేరే పెద్దమనుషులు చెప్పిన మాట రాసుకుంటే అది కూడా ఆధారమే. వీటిల్లో ఒకటి కంటే ఎక్కువ చూడాలని అదే నియమం చెప్తది. ఫలానా కాగితమే కావాలని పట్టుపట్టొద్దని 2012 సవరణల్లో స్పష్టంగ రాసిన్రు.

అంటే మా పెదనాయిన గుట్ట వెనుకకు చూపించిన చెయ్యి ఆధారమే. దాన్ని రాతలో పెట్టలేకపోయింది మేము.

ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. మూడు తరాలు, 75 ఏండ్ల రుజువు అడిగితే, అది షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. ఆ షరతు ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు. మనకు 2005 డిసెంబర్ 13 నాటికి అక్కడ ఉండి, ఆ నేల మీద బతుకుతున్నమన్నది ముఖ్యం. మరి తాత ఇల్లు ఎందుకు వెతకాలె? రెండు కారణాలు. ఒకటి, ఊరంతటికీ వచ్చే సామూహిక హక్కులు: మేత, ఇప్పపువ్వు, దేవతల స్థలాలు. మనం ఆ అడవిని ఎప్పటి నుంచి ఎట్ల వాడుకున్నమో చూపియ్యడానికి పాత ఊరే సాక్ష్యం. రెండు, పునరావాసం ఇయ్యకుండ అక్రమంగ ఖాళీ చేయించిన వాళ్ల హక్కు గురించి చట్టంలో 3(1)(ఎం) సెక్షన్ ఉంది. ఖాళీ చేయించిన్రు అనాలంటే, ముందు అక్కడ ఉంటిమి అని చూపియ్యాలె కదా.

పాత ఇల్లు చూపిస్తే పట్టా చేతికొస్తదని చెప్తలేను. చూపియ్యకపోతే మన మాట గాలిమాట అయితదని చెప్తున్న.

ఇప్పుడు అసలు కష్టం. మన ఇండ్లు మిగలవు. ఉట్నూరులో గోండు రాజుల కోట రాయి కాబట్టి నిలబడ్డది. వెదురు తడకకు మట్టి పూసి, గడ్డి కప్పిన ఇల్లు నాలుగు వానాకాలాలకు మట్టిల కలుస్తది. పైగా మన ఊర్లు కదిలేవి. పటేల్ చనిపోయినా, రోగమొచ్చినా ఊరు ఇంకో జాగకు లేచేది. అది మన ఇష్టంతోని జరిగేది, మళ్ల తిరిగొచ్చే దారి కూడా ఉండేది. నిజాం కాలంలో అడవిని రిజర్వు చేసి గీత గీసినంక అది మారింది. ఖాళీ చేయించుడు మొదలైంది. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చింది ఈ బాధ మీదనే.

రెవెన్యూ రికార్డుల్లో ఒక మాట ఉంటది: బేచిరాక్ గ్రామం. చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టేటోళ్లు లేని ఊరు అని. మన పాత ఊర్లు కొన్ని ఆ మాట కింద పడి ఉన్నయ్. దీపం ఎందుకు ఆరిందో ఆ రికార్డుల రాయలేదు. అది మనమే రాయాలె.

ఎట్ల చేయాలో, మేం చేసిన పద్ధతి చెప్తా.

మొదలు ముసలోళ్ల దగ్గర కూసోండి. "ఏ సంవత్సరం?" అని అడగకండి, వాళ్లకు సంవత్సరాలు ఉండవు. సంఘటనలు అడగండి. భీం పోరాటం అప్పటికి పుట్టినవా? రజాకార్ల కాలంల ఎంత ఉన్నవు? ఇంద్రవెల్లి కాల్పులప్పుడు, అంటే 1981 ఏప్రిల్ 20న, ఏ ఊర్ల ఉన్నరు? మా తాత చెల్లెలు ఉంది, మేం అవ్వ అంటం. ఆమె ఏం చెప్పిందంటే, రజాకార్ల భయానికి అడవిల దాక్కున్నప్పుడు వాళ్లు పాత ఊర్లనే ఉన్నరట. ఆమె పెండ్లి మాత్రం కొత్త ఊర్ల అయ్యింది. అంటే 1948 తర్వాత, ఆమె పెండ్లికి ముందు ఊరు లేచింది. క్యాలెండర్ లేకుండనే కాలం దొరికింది.

ఆడోళ్లను తప్పకుండ అడగండి. మేం మొదలు మొగోళ్లనే అడిగినం. వాళ్లు పొలం, దేవుడు, పటేల్ ఇల్లు చెప్పిన్రు. ఏ ఇల్లు ఎక్కడుండెనో చెప్పలేకపోయిన్రు. అవ్వ మాత్రం నీళ్ల దారి పట్టుకొని చెప్పింది. "చెలిమ నుంచి ఎక్కి వస్తుంటే మొదలు మా మేనత్త ఇల్లు, దాని వెనుక మాది" అని. నెత్తి మీద కుండతోని రోజూ నడిచిన దారి ఆమె మరవలేదు. ఆమె గోండిలో చెప్పింది, గోండిలనే రికార్డు చేసుకున్నం. తెలుగులకు తర్వాత మార్చుకోవచ్చు. స్థలాల పేర్లు గోండిలనే ఉంటయ్, తెలుగుల అడిగితే అవి బయటికి రావు.

మన తోటి, పర్ధాన్ పెద్దల దగ్గరికి కూడా పోండి. కిక్రి పట్టుకొని వాళ్లు పాడేది ఉత్త పాట కాదు. ఏ ఇంటిపేరోళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిన్రో అందులో ఉంటది. మెస్రం వంశం పెద్దలు నాగోబా జాతరకు ముందు హస్తినమడుగుకు కాలినడకన పోయి గంగాజలం తెస్తరు కదా. ఎక్కడ ఆగాలె, ఎక్కడ పండాలె అన్నది ఏ కాగితం చూసి నడుస్తలేరు.

రెండోది కాగితాలు. తెలంగాణలో 1954–55 ఖాస్రా పహాణీ చూడండి. గ్రామ నక్షా నకలు అడగండి. ఇయ్యకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. నిజాం కాలం రికార్డుల కోసం హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. అక్కడ చాలా వరకు ఉర్దూ, ఫార్సీ. చదివేటోళ్లను తోలుకపోండి. జిల్లా జనగణన పుస్తకాల్లో జనం లేని ఊర్ల పేర్లు కూడా ఉంటయ్. పేరు ఒక్క తీరుగ దొరకదు. మనం గోండిలో పలికింది ఒకరు ఉర్దూల రాసిన్రు, ఇంకొకరు మరాఠీల, మరొకరు తెలుగుల. పటేల్ పేరు మీద పిలిచే గూడెమైతే పటేల్ మారితే పేరే మారుతది. మా ఊరి పేరు మాకు మూడు తీర్ల దొరికింది.

ఇంకో కాగితం మన ఇంట్లనే ఉంటది. మా ఇంట్ల పాత ఇనుప పెట్టెల జంగ్లాతోళ్లు వేసిన జరిమానా రసీదు దొరికింది. తాత దాన్ని అవమానంగ దాచుకున్నడో, భయంతో దాచుకున్నడో తెల్వదు. కానీ ఆ నేల మీద ఆ మనిషి ఉన్నడని అదే చెప్తది. మీ ఇండ్లల్ల అసొంటివి ఉంటే పారెయ్యకండి. వేరే చోట ఫొటో తీసి కూడా పెట్టుకోండి.

మూడోది పటాలు. సర్వే ఆఫ్ ఇండియా పటంల ఒక సెంటీమీటరుకు 500 మీటర్ల లెక్క ఉంటది. పాత ముద్రణ, కొత్త ముద్రణ పక్కపక్కన పెట్టి చూడండి. పాతదాంట్ల ఉండి కొత్తదాంట్ల లేని పేర్లు కనబడతయ్. ఉపగ్రహ చిత్రాల మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. లాండ్‌శాట్ మొదలైంది 1972లో. దాని తొలి చిత్రాల్లో గుడిసె కనబడదు. చిత్రంల లేదు కాబట్టి ఊరే లేదు అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. ఉపగ్రహ చిత్రం వేరే ఆధారాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదని నియమాల్లోనే ఉంది. 1940లలో హైమెండార్ఫ్ దొర మార్లవాయిలో ఉండి మనవాళ్ల ఫొటోలు తీసిండు. అవి లండన్‌ల సోయాస్ గ్రంథాలయంల ఉన్నయ్. మన తాతల వాకిళ్లు చూడాలంటే అంత దూరం దిక్కు చూడాల్సి వస్తున్నది.

ఆఖరుది నడక. అవ్వను ట్రాక్టర్ల గుట్ట దాకా తీసుకపోయి, అక్కడి నుంచి మెల్లగ నడిపించినం. మొత్తం టేకు చెట్లు. అరగంట సేపు ఆమె ఏం మాట్లాడలేదు. నాకు భయమైంది, మరిచిపోయిందేమో అని. వాగు దగ్గరికి పోయినంక నీళ్ల దిక్కు వీపు పెట్టి నిలబడ్డది. అక్కడి నుంచి నడిచింది, మేం వెనుక నడిచినం. టేకు నడుమ వరుసల లేని చింతచెట్టు ఒకటి. దాని అవతల రెండు ఇప్పలు. కింద కుండ పెంకులు. సగం మట్టిల పూడుకపోయిన రోలు ఒకటి. తోట పెట్టినోళ్లు చింతచెట్టును ఎందుకో కొట్టలేదు.

"మా ఇల్లు?" అని అడిగిన. ఆమె అటూ ఇటూ చూసి, "ఇక్కడో, ఆడనో" అన్నది. "మీ తాతకైతే తెలుసు."

తాత అంతకు ముందు ఏడాదే పోయిండు. చనిపోకముందు రెండుసార్లు నన్ను అడిగిండు, పాత ఊరికి పోదామా అని. నాకు పరీక్షలు ఉండె. అయిపోయినంక పోదాం తాతా అన్న. ఊరు దొరికింది, చెలిమ దొరికింది, దేవుని జాగ దొరికింది. మా ఇంటి జాగ మాత్రం ఇరవై అడుగుల అటో ఇటో అన్న కాడనే ఉంది. ఇక ఎప్పటికీ అక్కడనే ఉంటది.

ఫోన్ల జీపీఎస్‌కు సిగ్నల్ అక్కర లేదు. చెట్టు, రోలు, చెలిమ, అన్నింటి దగ్గర ఫొటో తీసి గుర్తు పెట్టినం. అవ్వ, ఇంకో ఇద్దరు పెద్దలు చెప్పింది రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకున్నం. గ్రామసభల పెట్టినం. దరఖాస్తు ఇంకా తేలలేదు. కానీ ఇప్పుడు ఆధారం ఏంది అంటే పెదనాయిన నవ్వులపాలు కాడు.

మూడు జాగ్రత్తలు చెప్పి ముగిస్తా. తవ్వకండి, ఏమీ తేకండి. రోలు అక్కడనే ఉండనియ్యండి. దేవుని జాగల, సమాధుల గుర్తులు ఫేస్‌బుక్‌ల పెట్టకండి, గుప్తనిధులని తవ్వేటోళ్లు తిరుగుతున్నరు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. మన పాత ఇంటి జాగల ఈ రోజు ఇంకో ఆదివాసీ కుటుంబం దున్నుకుంటుండొచ్చు. ఇది మాది అని వాళ్ల మీదికి పోవడానికి కాదు ఈ పని. వాళ్లను కూడా కూసోబెట్టి రాయండి. వాళ్ల పాత ఇల్లు ఇంకెక్కడో ఉంటది.

మీకు నేనిచ్చే పని ఒక్కటే. ఈ శిబిరం నుంచి ఇంటికి పోయినంక, ఉద్యోగ నోటిఫికేషన్ చూసేకంటే ముందు, మీ ఊర్ల అందరికంటే పెద్ద వయసున్న మనిషి దగ్గర ఒక గంట కూసోండి. ఫోన్ల రికార్డు పెట్టి అడగండి: నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేది?

పాత ఊరికి పోదామా అని వాళ్లే అడిగితే, పరీక్షలున్నయని చెప్పకండి.

జై ఆదివాసీ. జల్, జంగల్, జమీన్ మనవే.