కుట్లు విప్పిన తరువాత

ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన రోగిని చూడవచ్చిన చుట్టములు మొదట అడుగు ప్రశ్న "కుట్లు విప్పినారా?" అనునది. విప్పినారని చెప్పినంతనే అందరును గండము గడచినదని కుదుటపడుదురు. అది సగమే నిజము. వైద్యుని పని చాలవరకు తీరినది గాని శరీరము చేసికొనవలసిన పని అప్పటికి సగమైనను కాలేదు. ఆ మిగిలిన పనికి మనము చేయదగిన సాయమెట్టిది, తెలియక చేయు కీడెట్టిది అను విషయమును ఈ పూట శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

కొన్నేండ్ల క్రిందట మా మేనకోడలికి థైరాయిడ్ గ్రంథికి శస్త్రచికిత్స జరిగినది. అప్పటికామెకు ఇరువది రెండేండ్లు. ప్రాణభయము తీరినదని మేము సంతోషించుచుండగా, ఆ పిల్ల మాత్రము అద్దముముందు నిలిచి మెడమీది గీటును చూచుకొని కన్నీరు పెట్టుకొనుచుండెడిది. మొదట సన్నగా నున్న గీటు రెండవ నెలకు ఎఱ్ఱబడి, గట్టిపడి, ఉబ్బినది. ఆపరేషను చెడినదని ఇంటిల్లిపాదియు బెంగపడితిమి. చీము పట్టునని మా అక్కగారు పప్పు మాన్పించినది. పొరుగువారు నిమ్మరసము రాయుమనిరి, మేమును వలదనలేకపోతిమి. అది రాసికొని ఎండలో కళాశాలకు పోయివచ్చిన పిల్లకు మెడ మండి, మచ్చ మఱింత నల్లబడినది. అప్పుడుగాని మేము శస్త్రవైద్యునియొద్దకు మరల పోలేదు. ఆయన మచ్చను తడిమి చూచి, "చెడినది ఆపరేషను కాదండీ, మీ ఓపిక" అనెను.

ఆయన బోధించిన సంగతి ఇది. కోసిన చోట మొదట రక్తము గడ్డకట్టి గాయపు నోరు మూయును. కొలది దినములు వాపు ఉండి మలినము తొలగును. పిదప కొల్లాజెన్ అను మాంసకృత్తుల పోగులతో శరీరము ఆ సందును పూడ్చును. తొందరలో జరిగిన ఆ అల్లిక చిక్కుపడిన నూలువలె నుండును. మొదటి నెలలలో ఈ పోగులు అధికముగా చేరుటచేతను, రక్తనాళములు పెరుగుటచేతను మచ్చ ఎఱ్ఱగా, ఎత్తుగా కనబడును. తరువాత శరీరము పాతపోగులను తీసివేయుచు, కొత్తవానిని వరుసలో పెట్టుచు ఒక సంవత్సరము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, సవరించుకొనుచునే యుండును. మొదటి వారము చివర అతుకుబలము సహజచర్మ బలములో నూటికి 5 పాళ్ళైనను ఉండదు. మూడు నెలలకు ఇంచుమించు 80 పాళ్ళకు వచ్చును. ఆపైన పెద్దగా పెరగదు.

మానిన మచ్చయును సజీవమే యనుటకు చరిత్రలో నొక నిదర్శనము కలదు. బ్రిటిషు నౌకాధిపతి ఆన్‌సన్ 1740 మొదలు 1744 వరకు భూప్రదక్షిణము చేసినప్పుడు, తాజాకూరలును పండ్లును లేక ఆయన నావికులు స్కర్వీ వ్యాధిపాలైరి. వారిలో నొక వృద్ధసైనికునికి 1690లో బాయిన్ యుద్ధమున తగిలి, ఏనాడో మానిన గాయములు ఏబదేండ్లు గడచిన పిమ్మట మరల విచ్చుకొన్నవని ఆ యాత్రావృత్తాంతము చెప్పుచున్నది. సి విటమిను లేనిదే శరీరము కొల్లాజెన్‌ను సరిగా అల్లలేదు.

కనుక నిమ్మపండు స్థానము విస్తరిలోనే గాని మచ్చమీద కాదు. నిమ్మరసము అంటిన చర్మమునకు ఎండ తగిలినచో బొబ్బలెక్కి నల్లబడుట కలదు. పప్పు చీము పట్టించునను మాటయు అపోహయే. చీము పట్టించునవి సూక్ష్మక్రిములు. పప్పు, పాలు, గ్రుడ్డు, చేప మొదలగునవి గాయము మానుటకు వలయు మాంసకృత్తుల నిచ్చును. మూత్రపిండముల వ్యాధి కలవారు మాత్రము వైద్యుడు చెప్పిన పథ్యమునే పాటింపవలెను. మధుమేహము కలవారు రక్తములో చక్కెరను అదుపులో నుంచుకొనవలెను. పొగత్రాగుట గాయము మానుటకు పరమశత్రువు.

మచ్చ రూపమును నిర్ణయించునది కొంత కోత పెట్టిన తీరు. ఆస్ట్రియా దేశపు శరీరశాస్త్రజ్ఞుడు కార్ల్ లాంగర్ గుండ్రని మొనగల సాధనముతో మృతదేహముల చర్మమును పొడిచి చూడగా, రంధ్రములు గుండ్రముగా గాక కోలగా విచ్చుకొన్నవి. కఱ్ఱకు నారవలె చర్మమునకును ఒక వాలు కలదని ఆయన 1861లో ప్రకటించెను. ఆ వాలు ననుసరించిన కోత సన్నగా మానును. అడ్డముగా పడిన కోత లాగబడి వెడల్పగును. థైరాయిడ్ చికిత్సకై 1909లో నోబెల్ బహుమతి పొందిన స్విట్జర్లాండు వైద్యుడు థియోడర్ కోఖర్ మెడమడతల వెంబడి కోత పెట్టు పద్ధతిని స్థిరపరచెను. మా మేనకోడలి మెడమీది గీటును అట్టిదే.

ఇక ఇంటిలో చేయవలసినది కొంచెమే. గాయము పూర్తిగా మూసికొనువఱకు వైద్యుడు చెప్పినట్లు శుభ్రముగా నుంచుట తప్ప పసుపు, కాఫీపొడి, బూడిద వంటివేవియు పెట్టరాదు. పక్కును గిల్లరాదు. ఒక సంవత్సరముపాటు మచ్చపై ఎండ పడకుండ గుడ్డతోనో, సన్‌స్క్రీన్ లేపనముతోనో కాపాడవలెను. మనవంటి చామనచాయ చర్మమున నలుపు త్వరగా నిలిచిపోవును. గాయము మూసికొన్న పిమ్మట, వైద్యుని అనుమతితో, వేలికొనలతో దినమునకు రెండుమారులు కొలది నిమిషములు మెల్లగా మర్దన చేయవచ్చును. ఉబ్బిన మచ్చకు సిలికోన్ పట్టీని దినమునకు 12 గంటలకు తక్కువ గాకుండ రెండు మూడు నెలలు ఉంచుదురు. విటమిన్ ఇ నూనె రాయుట వలన మచ్చ తగ్గకపోగా, మూడవవంతు మందికి చర్మము రేగినదని 1999లో వెలువడిన చిన్న పరిశోధన యొకటి తెలుపుచున్నది.

మచ్చ కోతహద్దు దాటి పెరుగుచు, దురదయు నొప్పియు కలిగించుచో దానిని కెలాయిడ్ అందురు. గ్రీకుభాషలో ఎండ్రకాయ గిట్టను తెలుపు మాటనుండి ఆ పేరు పుట్టినది. రొమ్ముమీదను, భుజములమీదను, కుట్టించిన చెవితమ్మెలమీదను ఇది అధికము. కత్తితో తీసివేసినంతమాత్రమున తఱచు మరల వచ్చును గాన, స్టిరాయిడ్ సూదిమందు మొదలగు చికిత్సలకు వైద్యునియొద్దకే పోవలెను. చీము, జ్వరము, గాయము విచ్చుట కనబడినచో ఒక్కనాడైనను జాగుచేయరాదు.

సుశ్రుతసంహిత వ్రణచికిత్సలో ఏడు ముఖ్యోపక్రమములను చెప్పి, చివరిదానికి వైకృతాపహమని పేరిడినది. మానిన చోటికి సహజవర్ణమును, రూపమును తెచ్చు ప్రయత్నమే యది. గాయము మూసికొనుటతో పని ముగియదని ఆనాడే గ్రహించిరన్నమాట.

మచ్చ సమూలముగా పోవునని చెప్పువారిని నమ్మవలదు. అది లేతబడును, అణగును, మడతలో కలిసిపోవును, అంతే. మా మేనకోడలు పప్పన్నము తినుచు, మెడకు పవిట కప్పుకొని ఎండకు పోవుచు, ఏడాదిన్నర ఓపిక పట్టినది. నేడు ఆమె మెడమీద దారపుపోగంత తెల్లని గీటు కలదు. పవిట ఇప్పుడు ఎండకు మాత్రమే కప్పుకొనును, మనుష్యులను చూచి కాదు.